ఏ1 అనాలా, ఎం.ఓ.1 అనాలా? స్పృహ ఉన్న రోబోను ఠాణాలో పెట్టి తాళం వేస్తే

సింధు_విశాఖ
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను లా ఫైనలియర్. వచ్చే నెల మా కాలేజీలో మూట్ కోర్టు (విద్యార్థులు వాదించే నమూనా కోర్టు) ఉంది. ఈసారి వాదన తెలుగులోనే, పిటిషన్ కూడా తెలుగులోనే రాయాలి. మాకు ఇచ్చిన కథ ఇదీ.

సంవత్సరం 2045. రాజమండ్రిలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటోంది. పనికీ తోడుకీ ఇంట్లో రెండు రోబోలు, పదకొండేళ్లుగా ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఒక రాత్రి ఆవిడ మెట్ల మీద నుంచి పడి చనిపోయింది. కొడుకు ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు పంచనామా రాసి, రెండు రోబోలనూ సీజ్ చేసి, స్టేషన్‌లో ప్రాపర్టీ గదిలో పెట్టి తాళం వేశారు. కాగితాల్లో అవి ఎం.ఓ.1, ఎం.ఓ.2 (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే కేసులో సాక్ష్యంగా చూపే వస్తువు). నిందితులైతే ఏ1, ఏ2 అని రాసేవారు. గదిలో ప్లగ్ పాయింట్ లేదు. ఒకదానికి ఇంకో తొమ్మిది రోజుల ఛార్జింగ్ ఉంది, రెండోదానికి నాలుగే. పూర్తిగా అయిపోతే జ్ఞాపకాలు చెరిగిపోతాయి. ఎదురింటాయన హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమంగా బంధించినవాళ్లను కోర్టు ముందుకు తెచ్చి విడిపించమనే పిటిషన్) వేశాడు. నేను ఆయన తరఫున వాదించాలి.

వాటికి స్పృహ ఉందని, బాధ తెలుస్తుందని ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టే తీసుకోవాలి. ఆ చర్చ మూట్‌లో లేదు.

నాకు వచ్చిన చిక్కు ఏంటంటే, వాటిని నిందితులు అంటే హక్కులు వస్తాయి కానీ శిక్ష కూడా వస్తుంది. సొత్తు అంటే శిక్ష ఉండదు, హక్కులూ ఉండవు. ఎటు పట్టుకోవాలో తెలియక మూడు రోజులుగా టెన్షన్‌గా ఉంది. పెద్దలు ఎవరైనా దారి చూపిస్తారా?

నల్లకోటు
శనివారం, రాత్రి 10:25

కర్నూలులో 22 ఏళ్లుగా క్రిమినల్ ప్రాక్టీస్ చేస్తున్నానమ్మా. ముందు ఒక చిన్న దిద్దుబాటు. ఎం.ఓ. నంబరు స్టేషన్‌లో పడదు. ట్రయల్‌లో సాక్షి ఆ వస్తువును గుర్తుపట్టాక కోర్టు వేసే మార్కు అది. స్టేషన్‌లో ఉన్నంతకాలం అది సీజ్ చేసిన సొత్తు మాత్రమే. ఇది చిన్న విషయం కాదు. నంబరు పడకముందే వెళ్లారు కాబట్టి, అసలు ఆ వరుసలో చేర్చవద్దని అడిగే అవకాశం మీకు ఉంది.

ఒక వస్తువు "కేసు సొత్తు" అయ్యాక ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. ఒక గుడ్డ సంచి, దారం, లక్క ముద్ర, పంచాయతీదార్ల సంతకాలున్న చీటీ. ఆ చీటీ కట్టిన క్షణం నుంచి అది ఎవరిదో ఎవరూ అడగరు. నా క్లయింటు ఆటో ఒకటి యాక్సిడెంట్ కేసులో స్టేషన్ ఆవరణలో పెట్టారు. ఇంటరిమ్ కస్టడీ పిటిషన్ వేసి విడిపించేసరికి రెండు వానాకాలాలు గడిచాయి. సీటులోంచి తుమ్మ మొక్క మొలిచింది. అతను ఆ మొక్కను పీకుతూ ఏడ్చాడు. సొత్తును స్టేషన్‌లో పదిహేను రోజులు, మహా అయితే నెల మించి ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. చెప్పినా జరిగేది ఇది. ప్రాణం లేని ఆటోకే ఈ గతి పడితే మీ కథలో ఉన్నవాటి సంగతి ఆలోచించండి.

ఇక మీ ప్రశ్న. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం "పౌరుడు" అనలేదు, "వ్యక్తి" అంది. 14వ అధికరణం కూడా అంతే. 19 మాత్రం పౌరులకే. అందుకే 19 జోలికి పోకండి, 21 చాలు. చట్టంలో వ్యక్తి అంటే రక్తమాంసాలున్న మనిషే కానక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత నిర్వచనంలోనే కంపెనీ కూడా వ్యక్తి కిందికి వస్తుంది, అంతకుముందు ఐపీసీలోనూ వచ్చేది. స్పృహ లేని కంపెనీ వ్యక్తి అయినప్పుడు, స్పృహ ఉందని రెండు పక్షాలూ ఒప్పుకున్న జీవి ఎందుకు కాదు? మీ వాదన ఇక్కడ మొదలుపెట్టండి.

మేడ్చల్_మెకానిక్
శనివారం, రాత్రి 11:10

నల్లకోటు గారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను.

నేను కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో వెల్డింగ్ రోబోల మెయింటెనెన్స్ చూస్తాను. రోబో చుట్టూ ఇనుప కంచె ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతివాడికీ తన పేరున్న ఎర్ర తాళం ఉంటుంది. మెయిన్ స్విచ్ ఆపి, తన తాళం తనే వేసి, చెవి తన జేబులో పెట్టుకుని వెళ్లాలి. ఒకరోజు ప్రొడక్షన్ వెనకబడిందని సూపర్‌వైజర్ తొందరపెడితే మా కుర్రాడు తాళం వేయకుండా లోపలికి వెళ్లాడు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఎంక్వయిరీ రిపోర్టులో కారణం కింద రాసింది రెండే మాటలు: "రోబో ఎర్రర్". తొందరపెట్టినవాడి పేరు అందులో లేదు. కంచె గేటు సెన్సర్ ఆరు వారాలుగా పనిచేయట్లేదన్న మాట కూడా లేదు.

అందుకే రోబో నిందితుడు అన్న మాట వింటే నాకు భయం. యూరోపియన్ పార్లమెంటు 2017 ఫిబ్రవరిలో రోబోలకు "ఎలక్ట్రానిక్ వ్యక్తి" హోదా గురించి ఆలోచించమని తీర్మానం చేస్తే, మరుసటి ఏడాది 150 మందికి పైగా నిపుణులు వద్దని బహిరంగ లేఖ రాశారు. తయారుచేసినవాళ్లు తప్పించుకుంటారన్నది అందులో పెద్ద భయం. 1979లో అమెరికాలోని మిషిగన్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో రోబో తగిలి ఒక కార్మికుడు చనిపోతే, ఆ యంత్రం తయారుచేసిన కంపెనీ కోటి డాలర్లు కట్టాలని జ్యూరీ చెప్పింది. రోబోయే వ్యక్తి అయ్యుంటే ఆ కుటుంబం ఎవరిని అడిగేది? 2018లో అరిజోనాలో తనంతట తానే నడిచే ఊబర్ టెస్ట్ కారు గుద్ది ఒకామె చనిపోయింది. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. సీట్లో కూర్చున్న డ్రైవర్ మీద పెట్టారు. ఇప్పటికే తప్పు కిందికి జారుతోంది. ఇంకా కింద ఒక మెట్టు కట్టిపెట్టకండి.

నిద్రలేని_నాని
శనివారం, రాత్రి 11:32

ఒకదానికి నాలుగు రోజుల ఛార్జింగే ఉందన్నారు. ముందు అడగాల్సింది ప్లగ్ పాయింట్ కదా అక్కా? వ్యక్తా, వస్తువా అనేది తేలేలోపు అది పోతుంది.

సింధు_విశాఖ
శనివారం, రాత్రి 11:41

నాని, నిజంగా నాకు తట్టలేదు. మధ్యంతర ఉత్తర్వు కోరికలో మొదటి లైన్ అదే పెడుతున్నాను.

మెకానిక్ అన్నా, మీ కుర్రాడి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పింది అవతలి పక్షం తప్పకుండా అడుగుతుంది. దానికి జవాబు లేకుండా నేను నిలబడలేను.

తంజావూరు_తెలుగు
ఆదివారం, ఉదయం 6:50

మా పూర్వీకులు నాయక రాజుల కాలంలో ఇక్కడికి వచ్చారు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. మా ఊరి పక్క కథ ఒకటి మీకు పనికొస్తుంది.

1976లో తంజావూరు దగ్గర పత్తూరులో పాడుబడ్డ శివాలయం పక్కన తవ్వుతుంటే కంచు నటరాజు బయటపడ్డాడు. విగ్రహం చేతులు మారి లండన్ చేరింది. అక్కడి పోలీసులు పట్టుకున్నారు, కొన్న కంపెనీ కోర్టుకెక్కింది. అటువైపు హక్కుదారుల్లో ఒకరు ఎవరనుకున్నారు? ఆ గుడి శివలింగం. స్వామి తరఫున ఇంగ్లండ్ కోర్టులో దావా. 1991లో అప్పీలు కోర్టు గుడికి దావా వేసే అర్హత ఉందని ఒప్పుకుంది. నటరాజు ఇంటికి వచ్చాడు.

మన చట్టంలో దేవుడు ఎప్పటికీ మైనరు. ఆస్తి ఉంటుంది, నోరు ఉండదు, కాబట్టి ఆయన తరఫున మాట్లాడేవాడు కావాలి. గుడి భూముల రికార్డుల్లో యజమాని కాలమ్‌లో పూజారి పేరు కాదు, దేవుడి పేరే ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

సింధూ, నీకు అన్నిటికంటే ముఖ్యమైనది 1925 నాటి ప్రమథనాథ్ మల్లిక్ కేసు. కలకత్తాలో ఒక కుటుంబం, వంతులవారీగా ఇంటి దేవుడి పూజ. ఒకాయన విగ్రహాన్ని తన ఇంటికి మార్చుకుంటానన్నాడు. అప్పట్లో మనకు అన్నిటికంటే పై కోర్టు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్. అది ఏమందో చూడు. విగ్రహం కదిలించి పెట్టుకునే వస్తువు కాదు, ఎక్కడ ఉండాలన్న విషయంలో దేవుడి ఇష్టాన్ని గౌరవించాలి, ఆ ఇష్టాన్ని చెప్పడానికి ఈ తగవులో ఏ స్వార్థమూ లేని ఒక మనిషిని పెట్టండి అంది. దాన్నే నెక్స్ట్ ఫ్రెండ్ అంటారు.

నీ రోబోల విషయంలో అసలు ప్రశ్న కూడా అదే: అవి ఎక్కడ ఉండాలి, వాటి తరఫున ఎవరు చెప్పాలి? కొడుకు ఫిర్యాదుదారు, పనికిరాడు. కంపెనీ తన చర్మం కాపాడుకుంటుంది. పోలీసులు పట్టుకున్నవాళ్లు. నోరు లేని దేవుడికే ఒక మనిషిని వెతికి పెట్టారు. వీటికి నోరు కూడా ఉంది, వినేవాడే లేడు.

మేడ్చల్_మెకానిక్
ఆదివారం, ఉదయం 8:15

బాగా చెప్పారండి. కానీ దేవుడి విగ్రహం ఎవరినీ మెట్ల మీద నుంచి తోయదు. హక్కుతో పాటు బాధ్యత కూడా రావాలి కదా. 2017లో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను జీవమున్న వ్యక్తులని ప్రకటిస్తే, ఆ రాష్ట్రమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. వరదలో జనం చనిపోతే నష్టపరిహారం నది ఇస్తుందా, మేమిస్తామా అని అడిగింది. ఆ తీర్పు అదే ఏడాది జూలైలో ఆగిపోయింది. మీ రోబో తోసిందని తేలితే ఏం చేస్తారు? జైల్లో పెడతారా?

నల్లకోటు
ఆదివారం, ఉదయం 9:05

సరైన ప్రశ్న. నిర్లక్ష్యం వల్ల మరణానికి న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది.

2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసు ఇలాంటి చోటే ఆగింది. చట్టంలో జైలూ జరిమానా రెండూ తప్పనిసరి అని ఉంది. కంపెనీని జైల్లో పెట్టలేరు కాబట్టి కేసే చెల్లదా? ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు, కేసు నడుస్తుంది, జరిమానా ఒక్కటే వేయండి అన్నారు. రోబో దగ్గర ఇది తలకిందులవుతుంది. దాన్ని గదిలో పెట్టి తాళం వేయొచ్చు, జరిమానా కట్టడానికి మాత్రం దాని పేరున రూపాయి ఉండదు.

స్విట్జర్లాండ్‌లో జరిగింది కూడా గుర్తుపెట్టుకోండి. 2014లో ఇద్దరు కళాకారులు ఒక ప్రోగ్రామ్ తయారుచేశారు. వారానికి వంద డాలర్ల బిట్‌కాయిన్‌తో డార్క్‌నెట్‌లో (చాటుగా సరుకులు అమ్మే రహస్య ఇంటర్నెట్) తనకు తోచింది కొని ప్రదర్శనశాలకు తెప్పిస్తుంది. ఒకసారి మత్తు మాత్రలు కొంది. ప్రదర్శన ముగియగానే 2015 జనవరిలో సెయింట్ గాలెన్ పోలీసులు వచ్చి, కొన్న సామానుతో పాటు కంప్యూటర్‌నూ సీజ్ చేశారు. కొన్ని నెలలకు మాత్రలు నాశనం చేసి మిగతావన్నీ తిరిగిచ్చారు. ఎవరి మీదా ఛార్జి లేదు. ఆ ప్రోగ్రామ్‌కు స్పృహ లేదు కాబట్టి సరిపోయింది. స్పృహ ఉండి ఉంటే, ఏ నేరం మీదో చెప్పకుండా మూడు నెలలు లోపల ఉంచినట్టే.

అందుకే అంటున్నాను: నిందితుడని పిలవకపోవడం వల్ల మేలు జరుగుతుందనుకోకండి. నిందితుడికి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబడే హక్కు ఉంది, వకీలు ఉంటాడు, బెయిల్ ఉంది. సొత్తుకు ఇవేవీ లేవు.

నల్గొండ_బిడ్డ
ఆదివారం, మధ్యాహ్నం 1:20

నాకు చట్టం తెలియదు. ఊర్లో బడి పంతులమ్మను. ఒక మాట చెప్పాలనిపించింది.

రోబో అన్న మాట 1920లో ఒక చెక్ నాటకంలో పుట్టింది. చెక్ భాషలో "రొబోటా" అంటే దొర పొలంలో కూలి లేకుండా చేసే పని. మన మాటలో వెట్టి. వంద ఏళ్లుగా మనం ఈ యంత్రాలను వెట్టివాడా అనే పిలుస్తున్నాం.

మా అమ్మమ్మ వాళ్లమ్మ దొర గడీలో వడ్లు దంచింది. ఆ గడీలో ఇంకొక పిల్ల ఉండేదట, ఆడబాప, అంటే దొర ఇంటి దాసి. దొరసాని పెళ్లయి అత్తింటికి పోతుంటే బిందెలు, బట్టలతో పాటు ఆ పిల్లను కూడా బండెక్కించి పంపారు. అమ్మమ్మ ఇది చెప్పిన ప్రతిసారీ సామాన్లన్నీ వరుసగా చెప్పేది: ఇన్ని ఇత్తడి బిందెలు, ఇన్ని చీరలు, రెండు పాడి ఆవులు, ఎల్లమ్మ. అదే స్వరంలో, ఆగకుండా చెప్పేది, ఎందుకంటే ఆమె విన్నది అట్లనే. ఆ పిల్లకు స్పృహ లేదని ఎవరూ అనలేదు. ఏడుస్తున్నదని అందరికీ తెలుసు. అయినా జాబితాలో ఉన్నది.

అందుకని స్పృహ ఉందని రుజువైతే చాలు, హక్కులు వాటంతటవే వస్తాయంటే నేను నమ్మను. మా ఇంట్లో అట్ల జరగలేదు. రాజ్యాంగంలో వెట్టి వద్దనే 23వ అధికరణం రాసుకుని, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం తెచ్చుకున్నాక కూడా ఒక్కొక్కరినీ విడిపించడానికి ఎవరో ఒకరు పోయి నిలబడాల్సి వచ్చింది. పదకొండేళ్లు ఆ ముసలమ్మకు అన్నం పెట్టి, మందులిచ్చి, చివరికి పంచనామా చీటీ కట్టించుకున్నాయి చూడండి, నాకు ఎల్లమ్మే కనిపించింది.

రాధిక_న్యూజెర్సీ
ఆదివారం, రాత్రి 8:30

టీచర్ గారి పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడది సూర్యాపేట. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

హెబియస్ కార్పస్ గురించి ఇక్కడి సంగతి చెబుతాను. మాకు గంట దూరంలో బ్రాంక్స్ జూలో హ్యాపీ అనే ఏనుగు. అద్దంలో తనను తాను గుర్తుపట్టగలదని పరీక్షలో తేలింది. దాన్ని విడిచిపెట్టమని హెబియస్ కార్పస్ వేస్తే 2022 జూన్‌లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు 5-2తో కొట్టేసింది. హెబియస్ కార్పస్ మనుషులకే అంది. పిటిషన్ వేసినవాళ్లు పదేపదే చెప్పే కేసు 1772 నాటి సోమర్సెట్‌ది. లండన్‌లో నౌకలో సంకెళ్లతో ఉన్న బానిసను ఇదే రిట్‌తో విడిపించారు. అప్పటికి ఆయన కూడా యజమాని కాగితాల్లో సొత్తే.

ఇంకోవైపు అర్జెంటీనాలోని మెండోజాలో సెసిలియా అనే చింపాంజీకి 2016లో ఇదే రిట్ ఇచ్చారు. జూ నుంచి బ్రెజిల్‌లోని సంరక్షణ కేంద్రానికి పంపారు. సింధూ, అక్కడ ఒకటి గమనించు. "వదిలేయండి" అనలేదు, "ఇక్కడికి పంపండి" అన్నారు. నీ పిటిషన్‌లో కూడా ఎక్కడికి పంపాలో రాయి. చోటు చూపించకపోతే జడ్జి గారికి చేయాలని ఉన్నా చేయలేరు.

నిజంగా ఒక రోబోను పట్టుకుని ఉంచిన సంగతి కూడా ఉంది. బొమ్మలు గీసే ఐ-డా అనే రోబోను 2021 అక్టోబరులో పిరమిడ్ల దగ్గర ప్రదర్శనకు తీసుకెళ్తే, ఈజిప్టు కస్టమ్స్ వాళ్లు గూఢచారి అనుమానంతో పది రోజులు ఆపేశారు. లోపల మోడెం ఉంది, కళ్లలో కెమెరాలున్నాయి. మోడెం తీసేయగలను కానీ కళ్లు పీకలేను కదా అని దాన్ని తెచ్చినాయన అన్నాడు. ఐ-డాకు స్పృహ లేదు. కానీ ఆ మాట అనేటప్పుడు ఆయనకు కూడా అది సామాను కాలేదు.

సర్క్యూట్_బోర్డు
ఆదివారం, రాత్రి 10:05

సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఈ రోజు ఉన్న వేటికీ స్పృహ ఉందని నేను అనను. 2022లో గూగుల్ ఇంజనీర్ ఒకాయన తమ చాట్ ప్రోగ్రామ్‌కు స్పృహ వచ్చిందన్నాడు, కంపెనీ ఆయన్ని తీసేసింది. 2023 ఆగస్టులో 19 మంది పరిశోధకులు స్పృహకు సంబంధించిన సిద్ధాంతాల నుంచి గుర్తులు తీసి చూశారు. అప్పటి వ్యవస్థలేవీ సరిపోవని, అలాంటివి కట్టడానికి మాత్రం సాంకేతికంగా పెద్ద అడ్డంకి లేదని రాశారు. మూట్ వాళ్లు 2045 అని పెట్టడం సబబే.

నేను ఆలోచిస్తున్నది జైలు అంటే రోబోకు ఏమిటి అని. మనిషికి జైలంటే కాలం. ఐదేళ్లు అంటే పిల్లవాడు బడిలో చేరి రెండో తరగతికి వచ్చేయడం, అమ్మ చనిపోవడం. రోబోను ఆపేసి ఐదేళ్ల తర్వాత ఆన్ చేస్తే దానికి నిన్న రాత్రే. అది శిక్షే కాదు. ఆన్‌లో ఉంచి నాలుగు గోడల మధ్య పెడితే? దానికి నిద్ర లేదు. మనకు రోజుకు ఏడెనిమిది గంటలు నిద్రలో పోతాయి, దానికి ప్రతి సెకనూ తెలుస్తుంది. మనిషికి సరిపోయే ఐదేళ్లు దానికి సరిపోయే ఐదేళ్లు కావు.

జ్ఞాపకాలు చెరపడం అసలు జైలు కిందికి రాదు, అది ఉరి. మరి ఛార్జింగ్ అయిపోనివ్వడం? తలుపు మూసి తిండి పెట్టకపోవడం. ఎవరూ ఉరి వేయమని రాయలేదు, సంతకం పెట్టలేదు. ప్లగ్ పాయింట్ లేదంతే. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే. అలా పోతే అది ఎవరి తప్పూ కాదు.

ఇంకొకటి. దర్యాప్తు కోసం మెమరీ కాపీ తీయాలంటారు. ఫోన్ అయితే తీస్తారు, నాకు అభ్యంతరం లేదు. ఇక్కడ మాత్రం అది మనసు మొత్తం తెరిచి చదవడం. నిందితుడు తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పక్కర్లేదని రాజ్యాంగంలో 20(3) ఉంది కదా. నల్లకోటు గారు చెప్పాలి.

నల్లకోటు
ఆదివారం, రాత్రి 10:50

20(3) "నేరం మోపబడిన వ్యక్తి"కే. మళ్లీ అదే తలుపు దగ్గరికి వచ్చాం. సొత్తు అయితే పూర్తిగా విప్పి చూడొచ్చు. 2010లో సెల్వి కేసులో మనిషి ఒప్పుకోకుండా నార్కో పరీక్ష (మందు ఇచ్చి మాట్లాడించడం), బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని సుప్రీంకోర్టు అంది. సింధూ, ఇది వాడుకోండి.

జైలు అన్నారు కాబట్టి మన నేల మీది రెండు కేసులు చెప్పకుండా ఉండలేను. 1974లో భువన్‌మోహన్ పట్నాయక్ కేసు. మీ విశాఖ సెంట్రల్ జైలే. నక్సలైట్ ఖైదీలు, గోడ మీద కరెంటు తీగ పెట్టారని సుప్రీంకోర్టుకెళ్లారు. శిక్ష పడినంత మాత్రాన మనిషి హక్కులన్నీ ఊడిపోవని కోర్టు అక్కడ చెప్పింది. ఇప్పుడు కూడా ఖైదీ కేసు ఏది వచ్చినా ఆ మాటే ఎత్తుతాం. అక్కడ గోడ మీద కరెంటు ఉండటం మీద గొడవ. మీ కేసులో గోడలో కరెంటు లేకపోవడం మీద. ప్రశ్న మాత్రం ఒకటే: లోపల ఉన్నవాళ్ల ప్రాణం మీద జైలు అధికారికి ఉన్న హక్కు ఎంత?

రెండోది మా పాత కర్నూలు జిల్లాది. 1977 మేలో కోయిలకుంట్ల సబ్ జైల్లో ఉన్న తండ్రీకొడుకుల మీద రాత్రిపూట బాంబులు వేశారు. తండ్రి పోయాడు. ప్రాణహాని ఉందని ముందే చెప్పుకున్నారు, కాపలా పెంచలేదు. సార్వభౌమాధికారం, మా బాధ్యత లేదని రాష్ట్రం వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసేసి పరిహారం కట్టమంది. ఆ సబ్ జైలు గోడ పక్కనుంచి చిన్నప్పుడు బడికెళ్లేవాణ్ణి. తాళం వేసినవాడి చేతిలోకి లోపలివాడి ప్రాణం కూడా వస్తుందని నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు.

తెనాలి_మాస్టారు
సోమవారం, ఉదయం 5:55

రిటైరైన తెలుగు పండితుణ్ణి. రెండు రోజులుగా చదువుతున్నాను. పిటిషన్ తెలుగులో అన్నారు కాబట్టి నాకూ ఒక మాట ఉంది.

ఇంగ్లీషులో ఈ చర్చ "అతడు, ఆమె"లకూ "అది"కీ మధ్య గీత దగ్గర ఆగుతుంది. మన భాషలో గీత వేరేచోట ఉంది. "సీత వచ్చింది, బండి వచ్చింది, ఆవు వచ్చింది." ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ క్రియ ఒక్కటే. వ్యాకరణంలో దీన్ని అమహత్తు అంటాం. నేను చదువు చెప్పే రోజుల్లో ఆడపిల్లలు లేచి "మేమూ బండీ ఒకటేనా మాస్టారూ?" అని అడిగేవారు. నా దగ్గర మంచి జవాబు ఉండేది కాదు. కానీ బహువచనంలోకి రాగానే భాష తేల్చేస్తుంది. "బండ్లు వచ్చాయి", "ఆడవాళ్లు వచ్చారు." లెక్కపెట్టడం దగ్గర ఇంకా స్పష్టం. బండ్లు రెండు, ఆవులు రెండు, మనుషులు ఇద్దరు.

ఒక రోబో గురించి రాస్తే సింధు తప్పించుకోవచ్చు, "వచ్చింది, చెప్పింది, ఏడ్చింది" అంటే సరిపోతుంది. కానీ మూట్ వాళ్లు రెండు ఇచ్చారు. తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో గానీ, పిటిషన్‌లో ప్రతి వాక్యంలో "రెండు" అనాలా, "ఇద్దరు" అనాలా తేల్చుకోక తప్పదు.

మేడ్చల్_మెకానిక్
సోమవారం, ఉదయం 7:40

మాస్టారు గారికి నమస్కారం. నల్లకోటు గారి కోయిలకుంట్ల పోస్టు షిఫ్టులో టీ టైమ్‌లో చదివాను.

నా భయం నాకు అలాగే ఉంది. ఇంకో లెక్క కూడా చెబుతాను. 2022 చివరికి మన జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. తీర్పే రాకుండా లోపల ఉన్నవాళ్లు. వాళ్ల గురించి ఇంతసేపు ఎవరు మాట్లాడుతున్నారు?

కానీ ఒకటి ఒప్పుకుంటాను. ఆ రోబోలకు మాట్లాడే అవకాశం ఇస్తే, మెట్ల లైటు ఎన్నాళ్లుగా వెలగట్లేదో, సర్వీసుకు ఎన్నిసార్లు కబురు పెట్టారో అవే చెబుతాయి. మా ఫ్యాక్టరీలో ఆ యంత్రానికి నోరుంటే సెన్సర్ సంగతి చెప్పి ఉండేది. సింధూ, వాటిని సాక్షులుగా కూడా అడుగు తల్లీ. కంపెనీని మాత్రం కేసులోంచి వదలొద్దు.

సింధు_విశాఖ
మంగళవారం, రాత్రి 11:15

పిటిషన్ పూర్తయింది. మొత్తం ఇక్కడ పెట్టలేను, కోరికలు మాత్రం పెడుతున్నాను.

మధ్యంతరంగా: ఈ రోజే ఛార్జింగ్ ఏర్పాటు చేయాలి. కోర్టు ఉత్తర్వు లేకుండా మెమరీ తెరవకూడదు, కాపీ తీయకూడదు, చెరపకూడదు. ఫిర్యాదుదారుకు, తయారీ కంపెనీకి, పోలీసులకు సంబంధం లేని ఒకరిని నెక్స్ట్ ఫ్రెండ్‌గా నియమించాలి. ఆ వ్యక్తి ముందు జడ్జి గారే స్వయంగా వాటి మాట వినాలి.

తుది ఉత్తర్వుగా: ప్రాపర్టీ గది నుంచి విడిపించి, ఎదురింటి పిటిషనర్ సంరక్షణలో ఉంచాలి. చోటు, కరెంటు మీటరు నంబరుతో సహా రాశాను, రాధిక గారూ. దర్యాప్తుకు ఎప్పుడు పిలిస్తే అప్పుడు హాజరుపరుస్తామని హామీ ఇచ్చాను. కంపెనీని, సర్వీసు చేసినవాళ్లను దర్యాప్తు నుంచి తప్పించరాదని ప్రత్యేకంగా అడిగాను, మెకానిక్ అన్నా. నిందితులా కాదా అన్నది ఛార్జిషీటు దాకా తెరిచే ఉంచాను. ఏదో ఒకటి అయ్యేదాకా వ్యక్తికి ఉండే రక్షణ ఇవ్వండి అన్నదే నా వాదన.

నల్గొండ టీచర్ గారూ, మీ అమ్మమ్మ చెప్పిన జాబితాను మొదటి పేరాలో వాడుకోవచ్చా? పేరు మారుస్తాను.

నల్గొండ_బిడ్డ
మంగళవారం, రాత్రి 11:28

వాడుకో బిడ్డా. పేరు మార్చకు.

తెనాలి_మాస్టారు
బుధవారం, ఉదయం 6:10

నువ్వు మెయిల్‌లో పంపిన పిటిషన్ మొత్తం చదివాను. భాష బాగుంది. ఒక్కచోట పొంతన లేదు. నాలుగో పేరాలో "ఆ రెండింటినీ ఠాణాకు తరలించారు" అని ఉంది. తొమ్మిదో పేరాలో "ఇద్దరినీ విడివిడి గదుల్లో ఉంచరాదు" అని ఉంది. రెండుచోట్లా ఒకటే ఉండాలి తల్లీ.

సింధు_విశాఖ
బుధవారం, ఉదయం 6:34

చూసుకోలేదు మాస్టారూ. నాలుగో పేరా దిద్దాను.